కుట్టు తిప్పి చూడటం

నేను ప్రార్థనకు కూర్చున్నప్పుడు నిజంగా అక్కడ కూర్చునేది ఎవరన్న అనుమానం నాకు ఇరవై ఏళ్లుగా ఉంది. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి గూటి ముందు చాప వేసుకుని, కళ్లు మూసుకుని అరగంట కూర్చుంటాను. పెదవులు వాటి పని అవి చేసుకుపోతాయి. నేను మాత్రం అప్పటికే కొట్టుకు వెళ్లి తాళం తీసి, బల్ల మీద బట్ట పరిచి, రెండు ప్యాంట్లు కత్తిరించేసి ఉంటాను. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడి నమస్కారం పెట్టి లేస్తాను. దేవుడు దీన్ని లెక్కలో వేసుకుంటాడా? ఒక పెద్దాయన్ని అడిగితే "నువ్వు మానకు, మనసు అదే వస్తుంది" అన్నాడు. నేను మానలేదు. మనసూ రాలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. నేను భక్తిపరుణ్ణని మా వాళ్లందరికీ గట్టి నమ్మకం. చేతులారా ఆ పేరు చెడగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

అంత పేరున్న నేనే ఒక బుధవారం మధ్యాహ్నం సొంత తమ్ముడి మీదికి కత్తెర విసిరాను.

మాది దర్జీ పని. నాన్న పెట్టిన కొట్టు, ఒకటే గది. వీధి వైపు నా కట్టింగు బల్ల, లోపలి గోడ దగ్గర తమ్ముడి మిషను, మధ్యలో నిలువుటద్దం. నేను కొలతలు తీసి, సుద్దతో గీసి, కత్తిరిస్తాను. వాడు కుడతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే ఏర్పాటు. నన్ను మాస్టారు అంటారు, వాణ్ణి చిన్న మాస్టారు అంటారు.

మా కొట్టుకు నాన్న పెట్టిన నియమం ఒకటుంది. కత్తిరించినవాడు కుట్టు తిప్పి చూడకూడదు, కుట్టేవాడు గీత గురించి మాట్లాడకూడదు. నాన్నా బాబాయీ ఒకరి పనిలో ఒకరు తప్పులు వెతుక్కునే విడిపోయారట. తన కొడుకులకు ఆ గతి పట్టకూడదని, నాన్న మా ఇద్దరి చేతా ఈ మాట చెప్పించుకుని మరీ పని అప్పగించాడు. మేమూ దాన్ని తు.చ. తప్పకుండా పాటించాం.

ఆ బుధవారం తమ్ముడు మిషను దగ్గర కూర్చునే నావైపు తిరిగి, "అన్నయ్యా, ఏమనుకోకు, ఈ గీత కాస్త..." అన్నాడు. ఆ తర్వాతి మాట నాకు వినపడలేదు. నా చేతిలో ఉన్నది అడుగు పొడవున్న ఇనప కత్తెర. అది వాడి చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. పెచ్చు ఊడి కింద పడింది.

తమ్ముడు లేచి వచ్చాడు. కత్తెర తీసి, సున్నం తుడిచి, మూసి, నా బల్ల మీద పెట్టాడు. మర్నాడు నేను వెళ్లేసరికి మిషను తిప్పి వేసుకుని ఉన్నాడు. అప్పటిదాకా వాడి వీపు నావైపు ఉండేది. ఇప్పుడు వీపు గోడకు, ముఖం నాకు. సూదిలో దారం ఎక్కిస్తున్నా ఒక కన్ను నా కుడిచేతి మీదే.

మూడో రోజు నోరు విప్పాడు. "ఆస్పత్రి వాళ్ల యూనిఫారాలు అరవై జతలు ఒప్పుకున్నాం కదా. అవి అయ్యేదాకా ఉంటాను. ఆ తర్వాత మిషను తీసుకెళ్లిపోతాను. మార్కెట్ దగ్గర రెడీమేడ్ వాళ్లు ఎప్పట్నుంచో రమ్మంటున్నారు."

"సరే నీ ఇష్టం" అన్నాను. వాడు లేని కొట్టును నేనెప్పుడూ ఊహించలేదు. రోజుకు ఒకటిన్నర జత లెక్కన నెలన్నరలో అరవై అయిపోతాయి.

సంగతి మా ఆవిడకు మా మరదలు ద్వారా తెలిసింది.

"ఏవండీ, మరిది మీద చెయ్యెత్తారా?"

"చెయ్యి కాదు, కత్తెర."

"ఆహా, ఎంత చల్లటి కబురు చెప్పారండీ! చెయ్యెత్తారేమోనని హడలిపోయాను."

ఆవిడ నన్ను రక్తపోటు చూపించడానికి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. రక్తపోటు బాగానే ఉంది. డాక్టరు అంతా విని, ఒక చీటీ రాసి పైఅంతస్తుకు పంపాడు. అక్కడ రక్తపరీక్షల గది దాటాక ఇంకో చిన్న గది. రెండు కుర్చీలు, ఒక కిటికీ, బల్ల మీద ముఖం తుడుచుకునే మెత్తటి కాగితాల డబ్బా. ఆ డబ్బా చూసి నాకు బెంగ పట్టుకుంది. ఇక్కడికొచ్చినవాళ్లు ఏడుస్తారన్నమాట!

కౌన్సెలరు మా అన్నదమ్ముల పిల్లల వయసు అమ్మాయి.

"కోపం వచ్చేముందు మీకు ఏమవుతుంది మాస్టారూ?"

"ఏమవుతుందమ్మా, కోపమే వస్తుంది."

"దానికి ముందు?"

"దానికి ముందు బానే ఉంటాను."

ఆ అమ్మాయి నవ్వింది. మనం కాసేపు ఊరికే కూర్చుందాం అంది. కళ్లు మూసుకోవచ్చు, తెరుచుకోనూ వచ్చు. ఊపిరి లోపలికి వెళ్తుంటే వెళ్తోందని, బయటికి వస్తుంటే వస్తోందని తెలుసుకుంటూ ఉండాలి. ఊపిరిని మార్చకూడదు, లాగకూడదు. మనసు ఎటైనా పోతే, ఎటు పోయిందో చూసి, తిట్టకుండా వెనక్కి రావాలి.

"తిట్టకుండానా? తిట్టకపోతే ఎలా వస్తుందమ్మా? మా తమ్ముడే రాడు."

"ఇన్నాళ్లూ తిట్టి చూశారుగా. ఒక వారం తిట్టకుండా చూడండి. రోజూ పది నిమిషాలు చాలు."

నేను పదితో సరిపెట్టుకునే రకం కాదు. ఇంటికి వెళ్తూ దారిలోనే మొక్కుకున్నాను. రోజుకు వెయ్యి ఊపిరులు, నలభై రోజులు. ఒక్కటీ తగ్గకూడదు. ప్రార్థన మాల పెట్టుకుని పూసకొక ఊపిరి చొప్పున తిప్పాను. కోపం తీసేయి తండ్రీ, తమ్ముణ్ణి ఉంచు తండ్రీ అని మొదట్లోనే విన్నవించుకునేవాణ్ణి. గంట పైన పట్టేది. మధ్యలో మా ఆవిడ పిలిస్తే లెక్క తప్పి, మళ్లీ మొదట్నుంచి. అలా లెక్క తప్పించినందుకు వారంలో రెండుసార్లు ఆవిడ మీద అరిచాను కూడా.

రెండోసారి వెళ్లినప్పుడు గొప్పగా చెప్పాను. "ఏడు వేలు పూర్తిచేశానమ్మా. మిగతావి కూడా చెల్లించేస్తాను."

"చెల్లించడమా? ఎవరికండీ?"

ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. "అదేనమ్మా, ఇన్ని ఊపిరులు ఇస్తాను, కోపం తీసేసుకో అని బేరం పెట్టాను."

"బేరం కుదిరిందా?"

"ఎక్కడ? ఇంటిదాని మీద కూడా ఎగిరాను."

"అయితే ఆ లెక్క పక్కన పెట్టేయండి మాస్టారూ. కోపం పోవాలని కూర్చుంటే, పోయిందా లేదా అని చూసుకోవడంతోనే సరిపోతుంది. పోగొట్టకండి. ఎలా వస్తుందో చూడండి చాలు. దానికంటే ముందు ఇంకేదైనా వస్తోందేమో గమనించండి."

ఎవరికీ చెప్పని నా పాత అనుమానం అప్పుడు ఆ అమ్మాయికి చెప్పాను. ఇరవై ఏళ్లు పెదవులతో ప్రార్థన చేసి, మనసుతో ప్యాంట్లు కత్తిరించాను, అదంతా వృథాయేనా అని అడిగాను.

"దేవుడి సంగతి నేను చెప్పలేనండీ. నాకు తెలీదు" అంది. "కాకపోతే మనసు ప్యాంట్లు కత్తిరిస్తోందని మీకు తెలిసిందిగా. అది తెలిసిన క్షణంలో మీరు అక్కడే ఉన్నట్టు కదా?" అంది.

ఆ మాట నాకు జవాబులా అనిపించలేదు. కానీ మర్నాడు ప్రార్థనలో మనసు కొట్టు తాళం తీస్తుండగా పట్టుకున్నాను. తిట్టలేదు. రా నాయనా అన్నాను. వచ్చింది. మళ్లీ పోయింది. అరగంటలో ఒక ముప్పైసార్లు పోయి ఉంటుంది. ఎన్నిసార్లు పోయినా ఆ అరగంట మునుపటిలా బరువుగా లేదు. ఇది దేవుడికి చేరుతుందా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు.

ఈలోపు కొట్లో నీలం బట్ట తరుగుతూ వస్తోంది. అల్మరాలో కుట్టేసిన యూనిఫారాలు ఒకదాని మీద ఒకటి చేరుతున్నాయి. ఆ దొంతర ఎంత పెరిగిందో రోజూ లెక్కపెట్టుకునేవాణ్ణి. తమ్ముడూ నేనూ పనికి కావలసిన మాటలే మాట్లాడుకునేవాళ్లం. "దారం అయిపోయింది." "తెప్పిస్తాను." అంతే.

నలభయ్యో జత కత్తిరిస్తున్న రోజు అది జరిగింది. మధ్యాహ్నం ఎండ వీధిలో తెల్లగా కొడుతోంది. బల్ల మీద చొక్కా ఎడమ ముక్క పరిచి, చంక దగ్గర గుండ్రంగా గీత గీశాను. కత్తెర పట్టుకుని వంగేసరికి గీత రెండుగా కనపడింది. తల కాస్త వెనక్కి జరిపితే ఒకటయింది. మళ్లీ వంగితే అలుక్కుపోయింది. ఇది కొత్త కాదు. చాన్నాళ్లుగా ఇంతే. ఆ రోజు మాత్రం, కౌన్సెలరు దగ్గర అలవాటైనందువల్ల కాబోలు, తర్వాత ఏమవుతోందో చూశాను. గీత అలుక్కుపోగానే కడుపులో ముడి పడింది. ముడితోపాటు మా నాన్న ముఖం వచ్చింది. వెంటనే తమ్ముడి మిషను చప్పుడు భరించలేనంతగా వినపడింది. ఆపు వెధవా అని అరవడానికి నోరు తెరిచాను.

నోరు తెరిచినట్టు తెలిసింది. మూశాను.

కోపం నాలుగోదన్నమాట. ముందు గీత, తర్వాత ముడి, ఆ తర్వాత నాన్న, ఆ తర్వాతే కోపం.

నాన్న ఎందుకొచ్చాడో నాకు తెలుసు. చివరి రోజుల్లో ఆయన చెయ్యి వణికేది. వరసగా మూడు కోట్లు పాడుచేశాడు. నాలుగోది మొదలుపెడుతుంటే ఆయన చేతిలోంచి కత్తెర నేనే తీసుకున్నాను. "ఇక చాలు నాన్నా, అలా కూర్చుని గుండీలు కుట్టు" అన్నాను. ఆయన గుండీల డబ్బా దగ్గరికి జరిగాడు. ఏడాది తిరక్కుండా పోయాడు. నా చేతిలోంచి కత్తెర తీసుకోబోయేది ఎవరో మరి? ఆ మిషను ముందు కూర్చున్నవాడేగా?

కత్తెర బల్ల మీద పెట్టాను. అల్మరా దగ్గరికి వెళ్లి, తమ్ముడు కుట్టేసిన చొక్కా ఒకటి తీసి, జీవితంలో మొదటిసారి లోపలి వైపుకు తిప్పాను. ఎడమ చంక దగ్గర నా సుద్దగీత ఇంకా మసగ్గా ఉంది. కుట్టు దాని మీద లేదు. పావంగుళం పక్కగా, ఉండాల్సిన చోట ఉంది. ఇంకోటి తిప్పాను. అంతే. ఐదు తిప్పాను, పది తిప్పాను. నేను తప్పు గీసిన ప్రతిచోటా లోపల వదిలిన బట్టలోంచి కొంచెం లాగి, వాడు సరిచేసి కుట్టాడు. బయటి నుంచి చూస్తే చొక్కా చక్కగా ఉంది, మాస్టారి చేతి చలవ అన్నట్టుగా.

మిషను ఆగింది.

"నాన్న మాట మీరావే" అన్నాడు తమ్ముడు.

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

"రెండేళ్లుగా నోరు మూసుకుని దిద్దుతున్నావా? చెప్పొచ్చుగా!"

"చెప్పబోయాను కదా. గోడ చూడు."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. కౌన్సెలరు గదిలోని కాగితాల డబ్బా ఇక్కడుంటే బాగుండునని ఆ రోజు అనిపించింది. గీత అలుక్కుపోతోందని, అది పైకి చెప్పడం భయమని, నాన్నలాగ నన్నూ గుండీల డబ్బా దగ్గర కూర్చోబెడతావని భయమని, అంతా చెప్పేశాను.

తమ్ముడు తెల్లబోయి చూశాడు. "ఓరి దేవుడా! నాన్నది చేతి వణుకు, నీది యాభై దాటాక అందరికీ వచ్చే చూపు. కళ్లజోడు పెట్టుకుంటే పోయేదానికి నా చెవి తెగ్గొట్టబోయావా?"

"కళ్లజోడు పెట్టుకున్న కట్టరంటే జనం నమ్మరేమోనని..."

"కత్తెర విసిరే కట్టరంటే నమ్ముతారా?"

ఇద్దరం ఒకేసారి నవ్వాం. నవ్వాగాక వాడు మెల్లగా అన్నాడు. "గీతతో నాకు ఇబ్బంది లేదన్నయ్యా. ఇంకో పదేళ్లయినా దిద్దుతాను. నాకు నీ కుడిచెయ్యంటే భయం. ఇంటికి వెళ్లగానే నీ మరదలు ముందు నా మొహమంతా చూస్తుంది, ఆ తర్వాతే మంచినీళ్లు ఇస్తుంది. అద్దాలు పెట్టుకుంటే ఇది పోతుందా?"

ఇక కోపం రాదని దేవుడి మీద ఒట్టేయబోయి ఆగాను. ఆ బేరం ఒకసారి చేసి చూశాను కదా. "రాదని మాటివ్వలేను. వచ్చేది మాత్రం నాకు తెలుస్తోంది. తెలియగానే కత్తెర కింద పెట్టి, నీతో చెప్తాను."

"చూద్దాం" అన్నాడు. ఉంటానని అనలేదు.

మర్నాడే కళ్లజోడు వచ్చింది. మా ఆవిడ నన్ను తేరిపార చూసి, "రెండేళ్లుగా బియ్యంలో రాళ్లు నేనే ఎందుకు ఏరుతున్నానో ఇప్పుడు తెలిసింది" అంది. నాన్న నియమం పక్కన పెట్టేశాం. వాడు గీత గురించి మాట్లాడేవాడు, నేను కుట్టు తిప్పి చూసేవాణ్ణి. తేలిగ్గా ఏమీ లేదు. వాడు "ఎడమ భుజం ఒకసారి చూసుకో" అంటే చాలు, కడుపులో ముడి ఠంచనుగా హాజరయ్యేది. కత్తెర కింద పెట్టి, రెండు చేతులూ బల్లకు ఆనించి, "వస్తోంది" అనేవాణ్ణి.

"ఎవరు?"

"కోపం."

"రానీ, కూర్చోమను. మనకు పనుంది" అనేవాడు మిషను ఆపకుండానే.

ఒకరోజు మాత్రం నోరు జారాను. నా గీత తప్పిందని, ఇస్త్రీ చేసిన కాలరు వాడు విప్పేస్తుంటే వీధిలోవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అరిచాను. కత్తెర బల్ల మీదే ఉంది. ఆ సంగతి ఇద్దరం గమనించాం. వాడు ఆ కాలరు విప్పడం పూర్తిచేసి మళ్లీ కుట్టాడు. సాయంత్రం కొట్టు మూస్తూ, "ఇవాళ అరిచావంతే" అన్నాడు. మెచ్చుకున్నాడో దెప్పాడో అర్థం కాలేదు.

యాభై రెండో జత రోజున మరదలు కొట్టుకు వచ్చింది. నా కళ్లజోడు చూసి ముసిముసిగా నవ్వి, "బావగారూ, ఇప్పుడైనా మా ఆయన కోటు కనపడుతుందా మీకు?" అంది.

ఇరవై రెండేళ్ల కిందటి మాట అది. తమ్ముడి పెళ్లికి కోటు నా చేతులతో కుడతానన్నాను. పని ఒత్తిడిలో ఇవాళ రేపు అంటూ ముహూర్తం దాకా వచ్చేసింది. దర్జీల ఇంటి పెళ్లికొడుకు అద్దె కోటు వేసుకున్నాడు. దాని చేతులు పొట్టి. పెళ్లి ఫొటోల్లో అన్నిట్లోనూ వాడు చేతులు వెనక్కి పెట్టుకునే ఉంటాడు. పెళ్లయిన వారంలో కుట్టి ఇస్తానన్నాను. ఆ వారం ఇంకా రాలేదు.

మరదలు వెళ్లాక తమ్ముడు అల్మరా ముందు నిలబడి చొక్కాలు సర్దుతుంటే, టేపు తీసుకుని వాడి వెనక్కి వెళ్లాను. భుజం మీద టేపు పెట్టబోతే, వాడి మెడ ఒక్కసారిగా బిగుసుకుంది.

"వెనకనుంచి రాకన్నయ్యా" అన్నాడు, తల తిప్పకుండా. "ముందునుంచి రా."

వాడి ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చేతిలో ఉన్నది మెత్తటి టేపే. వీపుకు ఆ తేడా తెలియడం లేదు. ఆ క్షణంలో నాకొచ్చింది కోపం కాదు. ఊపిరి ఆడకుండా చేసే ఇంకేదో. దాన్నీ పోగొట్టాలని చూడలేదు. అలాగే నిలబడి, అది కాస్త సర్దుకున్నాక ముందుకు వచ్చాను. వాణ్ణి నిలువుటద్దం ముందు నిలబెట్టాను, నా చేతులు రెండూ వాడికి అద్దంలో కనపడేట్టు. ఛాతీ, నడుము, చెయ్యి పొడవు. వీపు కొలత తీసేముందు "ఇప్పుడు వెనక్కి వస్తున్నాను" అని చెప్పాను. అద్దంలో నా చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"చెయ్యి పొడవు సరిగ్గా రాసుకో" అన్నాడు. "మళ్లీ చేతులు దాచుకునే ఓపిక లేదు."

కోటు గీత, కత్తిరింపు, కుట్టు అన్నీ నేనే. ప్రార్థన కాగానే కొట్టుకు వెళ్లి, వాడు వచ్చేలోపు రోజూ గంటన్నర వాడి మిషను మీదే కుట్టేవాణ్ణి. "నా మిషను మీద ఎవరో మోటు మనిషి కూర్చుంటున్నాడు, తొక్కే పలక బిగుసుకుపోయింది" అని రోజూ సణిగేవాడు. కాలరు రెండుసార్లు విప్పి కుట్టాను. కుట్టేవాడి పని ఎంత ఓపికతో కూడిందో ముప్పై ఏళ్లకు తెలిసింది.

అరవయ్యో జత శుక్రవారం పూర్తయింది. ఆస్పత్రి వాళ్లు వచ్చి పట్టుకెళ్లారు. అల్మరా బోసిపోయింది. శనివారం మిషను తీసుకెళ్లడానికి తోపుడుబండి మనిషితో వాడు ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. నేను దాని గురించి అడగలేదు. అడిగితే అది కూడా బేరమే అవుతుందనిపించింది.

శనివారం పొద్దున కోటు హ్యాంగరుకు వేలాడదీసి కూర్చున్నాను. వాడు ఒంటరిగా వచ్చాడు. వీధి చివరిదాకా చూశాను, బండి లేదు.

"బండి?"

"నిన్ననే వద్దని చెప్పాను" అంటూ చెప్పులు విడిచాడు. "రెడీమేడ్ వాళ్ల దగ్గర నాలుగు మిషన్లు నా వెనకే ఉంటాయట. ఇక్కడైతే ఒక్కణ్ణే కనిపెట్టుకుని ఉంటే చాలు."

కోటు తీసి, వాడికి ఎదురుగా పట్టుకున్నాను. వాడు దాన్ని అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి, చేతులు రెండూ వెనక్కి చాపాడు. నేను తొడిగాను. అద్దం ముందుకు వెళ్లి చేతులు కిందికి వదిలాడు. అంచు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ కోటు విప్పలేదు. బయట ఎండ మాడ్చేస్తోంది.

"ఒరేయ్, ఈ ఎండలో కోటేమిట్రా? విప్పి చేతిమీద వేసుకో."

"ఇరవై రెండేళ్లు ఆగాను" అన్నాడు గుండీ పెట్టుకుంటూ. "చలికాలం దాకా ఎక్కడాగను?"

చెమటలు కక్కుకుంటూ, చేతులు ఊపుకుంటూ వీధి మధ్యగా ఇంటికి నడిచాడు.